లెక్కల్ల లేని విమానం

2025 నవంబర్ల ఒకరోజు మా మామ పొద్దుగాల్నే ఫోన్ చేసి "అల్లుడూ, విమానం దొరికిందటరా" అన్నడు. నేను ఇంక పక్క మీదికెల్లి లేవనే లేదు. ఏం విమానం మామా, ఎక్కడ కూలింది అని పరేషాన్ అయిన. "కూలుడు కాదురా, దొరుకుడు. కలకత్తా ఎయిర్‌పోర్టుల పదమూడేండ్ల సంది ఓ మూలకు నిలవెట్టి మర్చిపోయిన్రట, ఎయిర్ ఇండియాదేనట, వాళ్ళ లెక్కలనే లేదట" అని చెప్పి ఇగ నవ్వుడు మొదలువెట్టిండు, నవ్వి నవ్వి దగ్గు వచ్చింది మనిషికి.

నేను కూడ తర్వాత చదివిన. బోయింగ్ 737, పాత రకం 200 మోడల్, 1982ల ఇండియన్ ఎయిర్‌లైన్స్‌కు వచ్చిందట, చివరికి పోస్టల్ డిపార్ట్‌మెంట్ మూటలు మోసి 2012ల రిటైరయిందట, తర్వాత కంపెనీ చేతులు మారినా దాన్ని పుస్తకాలల్ల ఎవ్వరూ ఎక్కియ్యలే. కలకత్తా ఎయిర్‌పోర్టు వాళ్ళు మీ బండి మీరు తీస్కపోన్రి అన్నంక గని తెలువలేదు. ఆఖరుకు లారీ మీద వేసి బెంగుళూరు పంపిన్రు, ఇంజనీర్లకు ట్రైనింగ్ ఇయ్యనీకి.

మా మామ నవ్వినా దానికో అర్థమున్నది. ఆయన ముప్పై ఆరేండ్లు ఆర్టీసీల మెకానిక్. "మా డిపోల ఒక స్టెప్నీ టైరు లెక్క తక్కువొస్తే రాత్రి పదకొండింటి దాక అందరం ఎతుకుతుంటిమి, వీళ్ళు రెక్కలతోటి సహా విమానాన్నే మర్చిపోయిన్రు సూడు" అన్నడు. నాకు మాత్రం నవ్వు రాలే, ఆ పొద్దంత ఏదేదో యాదికొచ్చింది. అందుకే ఇదంత రాస్తున్న, ఓపికుంటే చదువున్రి.

మాది మామునూరు పక్కన పల్లె. వరంగల్ నుంచి ఖమ్మం రోడ్డు మీద పోతుంటే పోలీస్ బెటాలియన్ దాటినంక వస్తది. మా ఊరికి ఎయిర్‌పోర్టున్నది అంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. 1930ల నిజాం కట్టించిందది. నాకు తెలివొచ్చేసరికే, అంటే 1981 సంది, బంద్. రన్‌వే మాత్రం ఉండె. నేను సైకిల్ నేర్చుకున్నది ఆ రన్‌వే మీదనే, పడ్డది సుత దాని మీదనే, మోకాలి మీద మచ్చ ఇప్పటికీ ఉంది. పగుళ్ళల్ల గడ్డి మొలిచి మేకలు మేస్తుండె, ఎండకాలం పొద్దుగూకినంక గూడ ఆ సిమెంటు వీపుకు వేడిగ తగులుతుండె.

1986ల మా బాపు కువైట్ పోయిండు. తాత ఆజంజాహి మిల్లుల చేసిండు గని బాపు టైమొచ్చేసరికి మిల్లు పరిస్థితి బాగలేకుండె, బాపు వెల్డింగ్ నేర్చిండు. ఊళ్ళె ఒక ఏజెంటుకు పైసలు కట్టి, బొంబాయిల ఇరవై రోజులు కూసోని, వీసా వచ్చినంక ఎక్కిండు. అప్పుడు మాకు గల్ఫ్ అంటే బొంబాయే. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల దిక్కు వాళ్ళకైతే బొంబాయి బస్సు అంటే మా వరంగల్‌కు పోయినట్టే ఉండె, మా దిక్కు అంత లేకుండె. మా అవ్వకు, అంటే అమ్మకు, ఒకటే భయం. దానికి ముందేడే, 1985 జూన్ల, కనిష్క అనే ఎయిర్ ఇండియా విమానం ఐర్లాండ్ దగ్గర సముద్రం మీద బాంబు పేలి 329 మంది పోయిన్రు. "మీరు గా కంపిని దాంట్ల ఎక్కకున్రి, వేరేదాంట్ల పోన్రి" అని బాపుకు చెప్పి పంపిందట. బాపు సరే అని గదే దాంట్ల ఎక్కిండు, ఏజెంటు ఏ టికెట్ ఇస్తే అదే కద.

ఆయన మొట్టమొదటి ఉత్తరం నాకు ఇప్పటికీ నోటికి వస్తది. జీతం సంగతి, రూముల ఎంతమంది ఉన్నరు అన్నది చివర రాసిండు, ముందు మొత్తం విమానం గురించే. కిటికీల చుట్టూ ఎర్రటి రంగుతోటి కోట కిటికీ లెక్క గీసిన్రని, మన వేయిస్తంభాల గుడి దగ్గర ఇసొంటిది లేదు గని సినిమాల రాజుల మేడకు ఉంటయని, తలపాగ పెట్టుకోని మీసాలున్న మహారాజు బొమ్మ వొంగి దండం పెడ్తదని. ఆ జంబోలకు, అంటే పెద్ద బోయింగ్ 747లకు, చక్రవర్తుల పేర్లు పెడ్తుండె. అశోక, షాజహాన్, రాజేంద్ర చోళ, విక్రమాదిత్య, అక్బర్, మనోడు కృష్ణదేవరాయలు సుత ఉండె. పెద్దగైనంక ఈ లిస్టు చదివి నాకు కోపమొచ్చింది, రాయలవారు యాదికొచ్చిన్రు గని మా ఓరుగల్లు గణపతిదేవుడు యాదికి రాలేదా వీళ్ళకు! సరే, అది మన వరంగలోళ్ళ ఎప్పటి గులుగుడే.

సాయంత్రం బడి ఇడిచినంక నేను, మా చెల్లె, ఇంకో నలుగురు పోరగాండ్లం రన్‌వే మీద ఎల్లెలకల పండుకోని మొగులు మీద విమానం కోసం చూస్తుంటిమి. ఎత్తున ఒకటి తెల్లటి గీత గీసుకుంట పోతే "బాపూ... ఓ బాపూ..." అని ఒర్లుతుంటిమి. ఒకసారి మా మామ డ్యూటీ దిగి అటే వస్తూ విని, "అరేయ్, అది ఢిల్లీ నుంచి మద్రాసు పోయేదిరా, కువైట్‌ది ఇటు రాదు, అది సముద్రం మీదికెల్లి బొంబాయికి పోతది" అన్నడు. అయినా మేం ఒర్లుడు బంద్ చెయ్యలే.

1988ల లీవు మీద వచ్చిండు. పచ్చ రంగు సూట్‌కేసు, ఇద్దరు లేపాలె దాన్ని. టాంగ్ డబ్బాలు, యార్డ్లీ పౌడర్, టూ ఇన్ వన్, అవ్వకు మెరిసే చీరలు, మామకు ఒక స్పానర్ సెట్టు. ఆ స్పానర్ సెట్టు చూసి మామ అరగంట మాట్లాడలే. సూట్‌కేసు పిడికి ఒక కాయితం పట్టీ వేలాడుతుండె, దాని మీద ఇంగ్లీషుల బి, ఓ, ఎమ్ అని పెద్దక్షరాలు. నేను అప్పుడప్పుడే ఇంగ్లీషు కూడబలుక్కుంటున్న, 'బామ్' అని గట్టిగ చదివిన. మా నాయినమ్మ "ఏందిరా, బాంబా?" అని మంచం మీదికెల్లి లేచి బయటికి పోయింది. అది బొంబాయి కోడ్ అని బాపు ఎంత చెప్పినా రెండు రోజులు ఆ రూముల పండుకోలే. అవ్వ మాత్రం ఆ పట్టీని తెంపనియ్యలే. ఎందుకే అంటే "ఉండనీ, మళ్ళ పోయేటప్పుడు కావాలె గద" అనేది. మళ్ళ పోయేటప్పుడు వేరే పట్టీ కడ్తరని ఆమెకు తెల్వదు. అయినా బాపు ఆ సూట్‌కేసు ఇంట్లనే ఇడిచి చిన్న బ్యాగు పట్టుకోని పోయిండు.

1990 ఆగస్టు 2. సద్దాం హుస్సేన్ పేరు మా పల్లెల ముసలోళ్ళకు సుత వచ్చిందప్పుడు. ఉత్తరాలు బంద్. ఫోన్ అసలే లేదు. పొద్దుగూకితే పటేల్ వాళ్ళింట్ల దూరదర్శన్ వార్తలు, పొద్దుగాల రేడియో. అవ్వ వార్తలు చూస్తుండె గని ఏం అర్థమయ్యేదో తెల్వదు, తెర మీద గడ్డమున్న మనిషి ఎవరన్న కనవడితే ముందుకు వొంగి చూసేది. రెండు నెలలు గట్లనే గడిచింది. సద్దుల బతుకమ్మకు రెండు రోజుల ముందు, నేను తంగేడు పువ్వు తెంపుకొని వస్తున్న, ఆటోల ఒకాయన దిగిండు. గడ్డం, నల్లగైన మనిషి, చేతిల ఒక ప్లాస్టిక్ కవర్, భుజం మీద కంబలి. నేను ఎవరో అనుకోని పక్కకు జరిగిన. ఆయన నా పేరు పెట్టి పిలిచినంక గని తెలువలే.

ఆ కవర్ల ఏమున్నయంటే పాస్‌పోర్టు, ఒక లుంగీ, సగం తిన్న బ్రెడ్డు. నాలుగేండ్ల కష్టం గంతే. కువైట్ నుంచి బస్రా, బాగ్దాద్, అక్కడికెల్లి జోర్డాన్ దాక బస్సులల్ల, ఎడారిల టెంట్లల్ల ఉండి, అమ్మాన్ ఎయిర్‌పోర్టుల లైన్ల నిలవడి, ఎయిర్ ఇండియా ఎక్కి బొంబాయి. ఆ విమానం ఏం మోడలో ఆయనకు తెల్వదు, నేను ఎన్నిసార్లడిగినా "అదేందిరా, అందరం కంపు కొడ్తున్నం, పది రోజులాయె స్నానం చెయ్యక, గా పిల్లగాడు మాత్రం ముక్కు మూసుకోకుంట నీళ్ళు పోస్తనే ఉన్నడు" అని గది ఒక్కటే చెప్తడు. చిన్న గ్లాసులట, ఏడు తాగిండట, లెక్కవెట్టిండు. గట్ల మనోళ్ళను తెచ్చుడు మొత్తం 59 రోజులు, 488 ట్రిప్పులు, లక్షా పదకొండు వేలకు పైగ మనుషులు. గిన్నిస్ బుక్కుల ఎక్కింది అది.

ఇగ ఇక్కడ మా ఇంట్ల ఒక పంచాయితీ ఉన్నది. 1999ల మన ఆర్టీసీ కూడ గిన్నిస్‌ల ఎక్కింది, 18 వేలకు పైగ బస్సులు, ప్రపంచంల అంత పెద్ద బస్సుల కంపెనీ ఇంకోటి లేదని. మామ ఆ పేపర్ కట్టింగ్ పట్టుకొచ్చి "సూడు బావా, నీ ఎయిర్ ఇండియాకు ఒక్కటే రికార్డా, మాకు లేదా" అన్నడు. బాపు కట్టింగ్ చదివి తిరిగి ఇచ్చి, "మీ బస్సు కువైట్ వచ్చిందా బామ్మర్ది" అని అడిగిండు. గంతే, ఇప్పటిదాక దానికి మామ దగ్గర జవాబు లేదు, పండుగకు కూసున్నప్పుడల్ల ఎట్లనో ఒకట్ల అటే తిప్పుతరు ఇద్దరు.

బాపు మళ్ళ గల్ఫ్ పోలే. వరంగల్‌ల షాపు పెట్టుకున్నడు, గేట్లు, గ్రిల్లులు. గని ఎయిర్ ఇండియా మీద ఎవరన్న ఒక్క మాటంటే ఊకునేటోడు కాదు. మామేమో ఆ కంపెనీ ఎందుకు మునుగుతున్నదో మెకానిక్ లెక్కల చెప్పేటోడు. నిజం చెప్పాలంటే నాకు విమానాల గురించి తెల్సిందంత మామ బస్సుల మీద పెట్టి చెప్పిందే. తర్వాత నేను చదివిన పెద్ద పెద్ద వ్యాసాలల్ల అంతకన్న ఎక్కువేం కనవడలే నాకు.

2006ల అనుకుంట, పేపర్ల వచ్చింది, ఎయిర్ ఇండియా బోయింగులు 68, ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఎయిర్‌బస్సులు 43, మొత్తం 111 కొంటున్నరని. బాపు సంబరపడ్డడు. మామ చాయ్ తాగుతున్నడు, సాసర్ల పోసుకోని ఊదుకుంట, "పైసలెవరియి బావా?" అని అడిగిండు. అప్పు. "డిపోకు పది బస్సులు కొత్తయి వస్తేనే రూట్లు, డ్రైవర్లు, రిపేరు పిట్లు సరిపోతయా అని ఆర్నెల్లు చూస్తరు. బస్సు తిరిగితేనే బస్సు బావా, డిపోల నిలవడితే అది అప్పే." 2011ల సర్కారు లెక్కలు చూసే కాగ్ రిపోర్టుల గదే రాసిన్రు, అంత పెద్ద కొనుగోలు మొత్తం అప్పు మీద చేసుడు తప్పని. ఢిల్లీల ఆఫీసర్లకు ఐదేండ్లు పట్టింది, మా మామ చాయ్ సల్లారకముందే చెప్పిండు.

2007ల రెండు కంపెనీలను ఒక్కటి చేసిన్రు కద, దాని మీద మామ చెప్పింది ఇంకా బాగుంటది. ఎయిర్ ఇండియా దగ్గర ఎక్కువ బోయింగులు, ఇండియన్ ఎయిర్‌లైన్స్ దగ్గర ఎయిర్‌బస్సులు. "లేలాండ్ డిపోను, టాటా డిపోను తాళం తీసి ఒకదాంట్లకు ఒకటి కలిపితే ఏమైతది? దీని గేర్ బాక్సు దానికి ఎక్కది, దాని క్లచ్ ప్లేటు దీనికి రాదు, రెండు స్టోర్లు, రెండు రకాల మెకానిక్‌లు. ఖర్చు సగం అయితది అన్నరు, డబులయితది చూడు." బస్సుకన్నా విమానానికి ఇంకా కష్టం, ఒక రకం నడిపే పైలట్ ఇంకో రకం మీద కూసోవాలంటే మళ్ళ ట్రైనింగ్, మళ్ళ పరీక్ష. లైసెన్సు మీద ఏ రకం రాసుంటే అదే. ఇంజనీరుకు సుత గంతే. ఎన్ని రకాలుంటే అన్ని రకాల మనుషులు, అన్ని రకాల సామాను.

ఇంకొకటి, 777 లాంగ్ రేంజ్ అని ఎనిమిది కొన్నరు. ఆగకుంట అమెరికా పోతయి అని మస్తు చెప్పిన్రు. 2013ల ఐదిటిని అబుదాబి ఎతిహాద్‌కు అమ్మిన్రు. నాకు అర్థంకాలే, దూరం పోయేది మంచిదే కద అన్న. మామ ఒక ముక్క చెప్పిండు: "ఇక్కడికెల్లి బొంబాయి దాక మధ్యల డీజిల్ కొట్టియ్యకుంట పోవాలంటే ఎంత ట్యాంకు కావాలె? ఆ డీజిల్ బరువు మోయనీకే ఇంకింత డీజిల్ తాగుతది. డీజిల్ రేటు తక్కువున్నప్పుడు నడుస్తది, పెరిగిందనుకో, ఇగ జనం కోసం కాదు, ట్యాంకు కోసం తిరిగినట్టే." నేను డిగ్రీ చదివిన, ఇట్ల ఎవ్వరు చెప్పలే.

తర్వాత డ్రీమ్‌లైనర్లు అనే బోయింగ్ 787లు 27. 2012ల వచ్చుడు షురూ, 2013 జనవరిల బ్యాటరీలు కాలుతున్నయని ప్రపంచంల ఉన్నయన్నీ నిలవెట్టిన్రు, కొన్ని నెలలు. ఆ తర్వాత కొన్నిటిని అమ్మేసి, కొన్నోని దగ్గర్నే కిరాయికి తీస్కోని నడిపిన్రు. బాపుకు ఇది మింగుడు పడలే. "సొంతిల్లు అమ్మి గదే ఇంట్ల కిరాయికుండుడా? సిగ్గు లేదా?" మామ మాత్రం తల ఊపిండు, "మా దగ్గర అద్దె బస్సులు లేవా బావా? చేతిల పైసల్లేనప్పుడు గంతే. బండి తిరగాలె, ఎవరిదైతేంది." ఆ ఒక్క ముచ్చట మీద ఇద్దరు గంటసేపు కొట్లాడిన్రు, అవ్వ వచ్చి అన్నం పెడ్తనని కేకేస్తే గని లేవలే. నాకు అప్పుడు మామదే రైట్ అనిపించింది, ఇప్పుడు ఎందుకో బాపు దిక్కు మొగ్గుతున్న. నాకూ ఈఎంఐలు ఉన్నయి కద మరి.

2022 జనవరి 27న టాటాలకు అప్పజెప్పిన్రు. 18 వేల కోట్లు, అండ్ల 15,300 కోట్లు అప్పు వాళ్ళ నెత్తికి, 2,700 కోట్లు నగదు. టీవీల వస్తుంటే బాపు "ఏందిరా, కట్నమిచ్చి పంపినట్టున్నది" అన్నడు. 1932ల జేఆర్‌డీ టాటా కరాచీ నుంచి బొంబాయికి చిన్న విమానం తనే నడుపుకుంట తెచ్చి మొదలువెట్టిన కంపెనీ, 1953ల సర్కారు తీస్కున్నది, మళ్ళ వాళ్ళింటికే పోయింది అని నేను చెప్పిన. "పోతే పోయింది తియ్యి, పుట్టింటికే కద" అన్నది అవ్వ లోపలికెల్లి. వాళ్ళ చేతికొచ్చేసరికి చాన విమానాలు స్పేర్లు లేక నేల మీదనే ఉన్నయి. అది చదివి మామ నిట్టూర్చిండు. ఒక బండి విప్పి ఇంకో బండికి ఎక్కియ్యుడు ఆయన చేతులతోటి చేసిన పనే. "మొదలు వైపర్ తీస్తం, తర్వాత సెల్ఫ్ మోటార్, తర్వాత సీట్లు. ఆర్నెల్లకు దాని దిక్కు చూడబుద్ధి కాదు అల్లుడూ. అందరం అటువైపు కాకుంట చుట్టు తిరిగి పోతుంటిమి." 2023ల 470 కొత్తయి ఆర్డర్ ఇచ్చిన్రంటే మాత్రం ఈసారి "పైసలెవరియి" అని అడగలే.

2024 ఏప్రిల్ 22న చివరి జంబోలల్ల ఒకటి బొంబాయి నుంచి అమెరికా పోయింది, పార్టుల కోసం అమ్మిన్రు. లేచినంక రెక్కలు అటు ఇటు ఊపింది. నా కొడుకు యూట్యూబ్‌ల పెట్టి తాతకు చూపెట్టిండు. బాపు కండ్లద్దాలు పెట్టుకోని, ఫోన్ దగ్గరకు దూరంకు జరుపుకుంట చూసి, "కిటికీలకు ఎర్ర గీతలేవిరా?" అన్నడు. లేవు తాతా, అంత తెల్లగున్నది అన్నడు వాడు. "అయితే ఇది నాది కాదు" అని ఫోన్ ఇచ్చేసిండు.

2025 జూన్ 12న అహ్మదాబాద్‌ల ఎయిర్ ఇండియా విమానం కూలిన ముచ్చట మీకు ఎరుకనే. ఆ రోజు బాపు టీవీ బంద్ చేసి షాపుకు పోయి కూసున్నడు. పని చెయ్యలే, ఊకెనే కూసున్నడు. దాని గురించి మా ఇంట్ల బస్సుల లెక్కలు ఎవ్వరు చెప్పలే.

ఇప్పుడు మా మామునూరు రన్‌వే దిక్కు సర్వేయర్లు తిరుగుతున్నరు. 2025 ఫిబ్రవరిల కేంద్రం ఒప్పుకున్నది, ఇంకో 253 ఎకరాలు కావాలన్నరు అప్పుడు, ఊళ్ళల్ల ఆ పంచాయితీ వేరే ఉన్నది, అది ఇంకోసారి రాస్త. మేకలు మాత్రం ఇంకా మేస్తనే ఉన్నయి.

కలకత్తా విమానం ముచ్చటకొస్త. మామ ఫోన్ చేసిన ఆదివారమే ఇల్లు సదురుతున్నం, సున్నాలెయ్యాలె. సజ్జ మీద పాత బొంతలు, ఇత్తడి బిందెలు దించుతుంటే వాటి ఎనుక గోడకు ఆనుకోని పచ్చటిదేదో కనవడ్డది. లాగిన. సూట్‌కేసు! అది 2009లనే పాత సామానోనికి ఏసినం అని ఇంట్ల అందరి లెక్క. అవ్వ సుత గట్లనే అన్నది, "దానికి మూడు ప్లాస్టిక్ టబ్బులొచ్చినయి, నాకు యాదున్నది" అని. మరి ఇదేంది? మేం ఏసింది వేరేది కావచ్చు, ఏందో. తెరిస్తే లోపల మడతపెట్టిన కంబలి, అమ్మాన్ నుంచి కప్పుకోని వచ్చింది, దాని మీద కలరా గోలీలు పొడి పొడి అయి ఉన్నయి. పిడికి దారం ఉన్నది, పట్టీ లేదు, ఎలుకలు కొరికినయో ఏమో, దారం ముడి దగ్గర చిటికెన గోరంత కాయితం, దాని మీద సగం 'బి'.

బాపు కింద కూసోని కంబలి దులుపుతున్నడు. ఏం మాట్లాడలే. మామ అప్పుడే వచ్చిండు, చెప్పులిప్పి లోపలికొచ్చి సూట్‌కేసు చూసిండు, చక్రాలు లేని దాని అడుగుకు ఒక్కసారి చెయ్యి పెట్టి తట్టిండు, బస్సు టైరు తట్టినట్టే.

"బావా, సజ్జకు పార్కింగ్ ఛార్జి ఎంతైందో అక్కనడుగు."